ఎండ తాగేసిన గొంతులు

ఒకప్పుడు రేడియోలో వచ్చే దూరపు గొంతులకి పగలని లేదు, రాత్రని లేదు. సముద్రం అవతల ఎవరో మాట్లాడితే ఆ మాట పైకి ఎగిరేది. ఆకాశం కప్పుకి తగిలి మళ్ళీ నేలకి దిగేది. నడినెత్తిన సూర్యుడున్నా సరే, రేడియో ముల్లు తిప్పితే చాలు, సింహళం పాట వినిపించేది. బర్మా వార్తలు వినిపించేవి. ఏ దేశానిదో తెలియని నవ్వు వినిపించేది.

ఆ రోజుల్లో ఉప్పలరేవు అని ఒక ఊరుండేది. ఒక పక్క సముద్రం, ఒక పక్క ఉప్పుమడులు. మడులు దాటితే పెద్ద బురదనేల. పైన ఎండిపోయి, పగుళ్ళు తేలి గట్టిగానే కనిపిస్తుంది. లోపలంతా ఊబి. అటు వెళ్ళిన మేక ఏదీ తిరిగి రాలేదు.

ఆ ఊళ్ళో లచ్చన్న, గరికమ్మ అనే ఆలుమగలు ఉప్పుమడుల్లో పని చేసేవారు. వాళ్ళకి పిల్లల్లేరు. ఒక రేడియో ఉంది. లచ్చన్న రెండు సరుగుడు వాసాలు పాతి, వాటి మధ్య పొడవాటి రాగితీగ కట్టాడు. తీగ కొస తెచ్చి రేడియోకి తగిలించాడు. తీగ ఎంత పొడవుంటే అంత దూరపు మాట చిక్కుతుందనేవాడు.

మధ్యాహ్నం పని ఆపాక ఇద్దరూ పాక నీడలో కూర్చుని ముల్లు తిప్పేవారు. కొత్త గొంతు దొరికితే లచ్చన్నకి ఆకలి కూడా తెలిసేది కాదు. గరికమ్మకి ఒక ముసలాయన గొంతంటే ఇష్టం. ఆయనది ఏ దేశమో, ఏ భాషో తెలీదు. రోజూ ఏదో చదువుతూ మధ్యలో దగ్గేవాడు.

"ఈవేళ దగ్గు తగ్గింది మావా," అనేది గరికమ్మ.

"కషాయం తాగుంటాడు," అనేవాడు లచ్చన్న.

లచ్చన్నకి గంగన్న అని ఒక తమ్ముడుండేవాడు. రెండేళ్ళ కిందట సముద్రంలో చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. వాడి పడవ చెక్క కూడా ఒడ్డుకి రాలేదు. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు.

ఒక మధ్యాహ్నం గాలి పూర్తిగా ఆగిపోయింది. ఉప్పు కళ్ళు తెరవనివ్వకుండా మెరుస్తోంది. లచ్చన్న ముల్లు తిప్పుతుంటే, రెండు స్టేషన్ల మధ్య ఉన్న ఖాళీలో ఒక గొంతు వినిపించింది.

"అన్నా, ఒడ్డు ఎటు?"

లచ్చన్న చెయ్యి ఆగిపోయింది. అది గంగన్న గొంతు.

"పలక్కు మావా," అంది గరికమ్మ మెల్లిగా. "మనిషి కనబడకుండా పిలిస్తే మూడుసార్లు పిలిచేదాకా పలకకూడదు."

"అన్నా, ఒడ్డు ఎటు?"

మూడోసారి దాకా లచ్చన్న ఆగలేకపోయాడు. రేడియోకి నోరు దగ్గరగా పెట్టి, "ఇటు రారా గంగన్నా," అన్నాడు.

రేడియోలో ఎవరో ఊపిరి పీల్చుకున్న చప్పుడైంది. ఆ తర్వాత ఏమీ లేదు.

మర్నాడు రేడియో పెట్టకుండానే ఆ గొంతు వినిపించింది. ఉప్పుగట్టు వెనకనుంచి వచ్చింది. పాక చూరులోంచి వచ్చింది. గరికమ్మ మంచినీళ్ళ కుండ మూత తీస్తే కుండలోంచి వచ్చింది. "అన్నా, అన్నా," అంటూ. ఊరి కుక్క ఎవరూ లేనిచోటుని చూసి, తోక ముడుచుకుని వెనక్కి వెనక్కి నడిచింది.

గట్టు మీద ఒక ఎర్ర పీత కన్నంలోంచి సగం బయటికొచ్చింది.

"గరికమ్మా, నిన్న మా కన్నాల మీదుగా ఒకడు వెళ్ళాడు," అంది. "నీడ లేదు. అడుగు లేదు. వాడు వెళ్ళాక కన్నాలన్నీ చల్లబడ్డాయి. ఇంత ఎండలో చలేస్తోంది మాకు."

"ఎటు వెళ్ళాడు?"

పీత తన పెద్ద డెక్కతో బురదనేల వైపు చూపించింది.

మూడో రోజు గరికమ్మ నీళ్ళకి వెళ్ళి వచ్చేసరికి మడిలో లచ్చన్న లేడు. ఉప్పు లాగే పొడుగు కర్రపలక కింద పడి ఉంది. తెల్లటి ఉప్పు మీద లచ్చన్న అడుగులు వరసగా, ఎక్కడా తొట్రుపడకుండా బురదనేల వైపు వెళ్ళాయి.

గరికమ్మ కుండ దింపేసింది. కర్రపలక అందుకుని పరిగెత్తింది. బురద అంచున ఒక ఉల్లంకి పిట్ట టకటక నడుస్తూ ఎదురొచ్చింది.

"ఆగు. నా అడుగు పడ్డచోటే నీ అడుగు వెయ్యి," అంది పిట్ట.

"నువ్వు గుప్పెడు బరువు లేవు. నిన్ను మోసే నేల నన్ను మోస్తుందా?"

"ఈ బురదలో పాతకాలం గట్టు ఒకటి మునిగి ఉంది. దాని మీదే నడుస్తాను నేను. మీ తాతలు పోసిన గట్టే. రా."

పిట్ట ముందు, గరికమ్మ వెనక. అటూ ఇటూ బురద బుడగలు వదులుతోంది. పిట్ట ఆగిన చోటునుంచి చూస్తే లచ్చన్న కనిపించాడు. నడుందాకా దిగిపోయాడు. మొహంలో భయం లేదు. నవ్వుతున్నాడు.

"ఒలే, తమ్ముడు ఇక్కడే ఉన్నాడు. ఇంకో నాలుగడుగులు," అన్నాడు.

అతని ముందు ఎవరూ లేరు. మనిషంత మేర గాలి మాత్రం, పొయ్యి మీది సెగలా వణుకుతోంది.

గరికమ్మ కర్రపలక చాచింది. "పట్టుకో మావా."

"ఉండే. ముందు వాడి చెయ్యి అందుకోవాలి." లచ్చన్న ఇంకో జానెడు దిగాడు.

గరికమ్మ ఆ వణుకుతున్న గాలితోనే మాట్లాడింది.

"నువ్వెవరు? నిజం చెప్పు. నువ్వు మా గంగన్నవేనా?"

బదులు చెప్పిన గొంతు గంగన్నది కాదు. ఆడదీ కాదు, మగదీ కాదు.

"కాదు. నేను ఎవరి మాటనో మరిచిపోయాను. ఎవరో నన్ను పలికి గాల్లోకి వదిలేశారు. పగలూ దారి తెరిచే ఉంది, రాత్రీ దారి తెరిచే ఉంది. నిద్ర లేదు. తిరుగుతూనే ఉన్నాను. ఇతని గుండెలో ఒక గొంతు దొరికితే తొడుక్కున్నాను. ఇన్నేళ్ళలో నాకు బదులు చెప్పింది ఇతనొక్కడే. ఇటు రమ్మన్నాడు. వచ్చాను. నాకు తోడు కావాలి."

లచ్చన్న నవ్వు ఆగిపోయింది. తన చుట్టూ ఉన్న బురదని అప్పుడే చూసినట్టు చూశాడు. రెండు చేతులతో కర్రపలక పట్టుకున్నాడు. గరికమ్మ మునిగిన గట్టు మీద కాళ్ళు తన్నిపెట్టి లాగింది. భుజాలు పట్టు తప్పుతున్నా లాగింది. ఎట్టకేలకు బురద అతన్ని వదిలింది.

కానీ అప్పటికే చుట్టూ గాలంతా వణుకుతోంది. "మాకూ చెప్పండి. ఒడ్డు ఎటు?" అని ఒకటి అడిగింది. ఇంకొకటి అడిగింది. తర్వాత లెక్క లేదు. అటు మడుల్లో పని చేస్తున్నవాళ్ళు ఒక్కొక్కరే నడుం ఎత్తి నిలబడ్డారు. ఒకామెకి పోయిన కూతురు పిలిచినట్టుంది. ఒకాయనకి తల్లి పిలిచినట్టుంది. పారలు వదిలేసి అందరూ బురదనేల వైపు నడక మొదలుపెట్టారు.

గరికమ్మ తలెత్తి సూర్యుడిని చూసింది.

"నాయనా, సముద్రపు నీళ్ళు తాగి మాకు ఉప్పు ఇస్తున్నావు. ఈ గొంతుల్ని కూడా తాగెయ్యి."

"తాగగలను," అన్నాడు సూర్యుడు. "కానీ మంచి గొంతు, చెడ్డ గొంతు అని ఏరలేను. దూరం నుంచి వచ్చేవన్నీ పోతాయి. ఆ దగ్గే ముసలాయన కూడా పగలు నీకిక వినపడడు. సరేనా?"

గరికమ్మ లచ్చన్న వైపు చూసింది. అతను బురద కారుతున్న తల ఊపాడు.

"సరే," అంది ఆమె.

సూర్యుడు తాగడం మొదలుపెట్టాడు. ఇసుక నీళ్ళు పీల్చినట్టు ఆకాశం గొంతుల్ని పీల్చేసింది. వణుకు ఆగింది. మడుల్లోని జనం నడుస్తున్నవాళ్ళు నడుస్తున్నట్టే ఆగి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొందరు అక్కడే కూర్చుని ఏడ్చారు. లచ్చన్న పాకకొచ్చి రేడియో పెట్టాడు. దగ్గరి పట్నం స్టేషన్ తప్ప ఏదీ లేదు.

పొద్దుగూకింది. సూర్యుడు వెళ్ళిపోగానే, తాగకుండా మిగిలిపోయిన గొంతులు ఆకాశం అంచున మళ్ళీ కదిలాయి. గరికమ్మ రాత్రిని అడిగింది.

"అమ్మా, నువ్వూ తాగుతావా?"

"నా దగ్గర వేడి లేదమ్మా, తాగలేను," అంది రాత్రి. "కానీ వాటిని చూస్తే జాలేస్తోంది. నిద్ర లేకే అలా అయ్యాయి. ఊపి నిద్రపుచ్చుతాను."

రాత్రి తన నల్లటి కొంగుని ఆకాశం ఈ చివరనుంచి ఆ చివరకి ఉయ్యాలగా కట్టింది. గొంతులన్నిటినీ అందులో వేసి ఊపసాగింది. ఉయ్యాల ఇటు వస్తే గొంతు చెవి పక్కనే ఉన్నట్టుంది. అటు వెళ్తే మాయమైపోతుంది. నిద్రపట్టనివి సన్నగా, గరగరమని మూలుగుతున్నాయి.

లచ్చన్న ముల్లు తిప్పుతూ వింటున్నాడు. అర్ధరాత్రి దాటాక ఉయ్యాల దగ్గరగా వచ్చిన ఒక్క క్షణం, ఆ మూలుగులోంచి, "అన్నా," అని వినిపించింది.

అతని పెదాలు కదిలాయి. గరికమ్మ అతని చెయ్యి పట్టుకుంది. అతను నోరు మూసుకుని, కళ్ళు తుడుచుకోకుండా, ఆ గొంతు దూరమై, దగ్గరై, మళ్ళీ దూరమై నిద్రపోయేదాకా వింటూ కూర్చున్నాడు.

అప్పటినుంచే రేడియోలో దూరపు స్టేషన్లు పగలు వినపడవు. చీకటి పడ్డాకే వస్తాయి. వచ్చినవి కూడా ఒకచోట నిలవవు, పెరుగుతాయి, తరుగుతాయి. వాటి వెనక గరగర ఎప్పుడూ ఉంటుంది. రాత్రంతా మేలుకుని వాటికోసం ముల్లు తిప్పేవాళ్ళు ఇప్పటికీ ఊరికొకరున్నారు. చెవి ఒగ్గి ఎంతసేపైనా వింటారు. ఎంత దగ్గరగా పిలిచినా, ఎవరి గొంతుతో పిలిచినా, ఒక్కరూ బదులు పలకరు.