చూసేవాడికి ఉన్న మాట

"మాష్టారూ, నేను సిద్ధమైనట్టేనా?"

అనకాపల్లిలో రైలెక్కిన దగ్గర్నించి కృపావరం ఈ ప్రశ్న ఎన్నిసార్లు అడిగాడో ఆ రైలుకే తెలియాలి. అడిగిన వెంటనే జవాబు చెప్పడం దాసన్న మాష్టారి ఇంటావంటా లేదు.

దాసన్న మాష్టారంటే ఎవరనుకున్నారు! ఇంగ్లీషువాళ్లు వాడి వాడి పారేసిన మాటలన్నీ ఏరి దాచుకున్న మనిషి. ఆయన తుమ్మితే నాలుగు పాత మాటలు రాలిపడేవి. ఒకప్పుడు మద్రాసు నుంచి వచ్చిన తెల్ల ఇన్‌స్పెక్టరు ఆయన నోట ఒక్క మాట విని, అది తన తాతల మాటేనని పోల్చుకోలేక, టోపీ కూడా మరిచి గుర్రబ్బండి ఎక్కేశాడు. ఆ టోపీలో మాష్టారింటి కోడి గుడ్లు పొదిగింది.

శిష్యుడూ తక్కువవాడు కాదు. ఆ పాత మాటలన్నీ వాడికి కంఠతా. కాలవలో పడవలు పోతుంటే పని మానుకుని చూస్తూ నిలబడేవాడు గాంగూజ్లర్. పని చేస్తున్నట్టు కనబడుతూ ఏ పనీ చేయకపోవడం ఫజెల్. చలికాలపు ఎండలో ఉండే వెచ్చదనం ఏప్రిసిటీ. నిద్రలో కుదిపి అడిగినా అర్థం అప్పజెప్పి, గురకని ఆపిన చోటు నుంచే అందుకునేవాడు. రాజమండ్రిలో కొత్త నిఘంటువు వేస్తున్నారు. పాత మాటలకి తెలుగులో అర్థాలు రాసే మనిషి కావాలి. దాసన్నగారు "ఊ" అంటే చాలు, ఉద్యోగం ఇచ్చేస్తామన్నారు. ఆ "ఊ" కోసం కృపావరం ప్రాణం కొట్టుకుపోతోంది. కూర్చుంటాడు, లేస్తాడు, తలుపు దాకా పోయి తొంగి చూస్తాడు, మళ్లీ వచ్చి మాష్టారి మొహం కేసి చూస్తాడు.

అన్నవరం దాటాక బండి పొలాల మధ్య ఆగిపోయింది. ఎండ నడినెత్తికెక్కి దిగడం కూడా మొదలుపెట్టింది గానీ బండి కదల్లేదు. ఎదుటి బెంచీ మీద ఒక పెద్దాయన, భుజాన కండువా, ఒళ్లో గొడుగు, పక్కన ఖాళీ మరచెంబు.

"పిఠాపురంలో మా అమ్మాయింట్లో భోజనం అనుకున్నానండి. ఈపాటికి గిన్నెలు కడిగేసుంటారు" అన్నాడాయన నవ్వుతూ.

"అలాగాండీ" అని కృపావరం తన పులిహోర పొట్లం విప్పాడు. వాళ్లమ్మ చేసిన పులిహోర అది. ఆ ఇంగువ వాసన పెట్టె పెట్టే దాటుకుంటూ పోయి ఇంజను చేరితే, డ్రైవరు బొగ్గు మాట మరిచి వెనక్కి తిరిగి చూశాడంటారు. మాష్టారు తన పొట్లం విప్పలేదు. ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

పెద్దాయన చూపు కిటికీ మీంచి ఆకు మీదకి జారింది. ఆకు మీంచి చేతికి, చేతి నుంచి నోటికి వెళ్లింది. మళ్లీ కిటికీకి. మళ్లీ ఆకు మీదకి.

కృపావరం నమలడం ఆపేశాడు. కళ్లు మెరిశాయి.

"మాష్టారూ! గ్రోక్! ఇన్నాళ్లూ కాగితం మీదే చూశాను, ఇదిగో ప్రాణంతో దొరికింది!" అంటూ పెద్దాయనకి తెలియకూడదని అర్థాన్ని ఇంగ్లీషులోకి మార్చి గడగడా వల్లించాడు. గ్రోక్ అంటే, పక్కవాడు తింటుంటే పిలుస్తాడేమోనన్న ఆశతో, నోరు మెదపకుండా చూస్తూ ఉండడం.

"నా గురించేమైనా అంటున్నారా బాబూ?"

"అబ్బే, మీకెందుకండీ. ఏదో పాత మాట."

పెద్దాయన కండువాతో మొహం తుడుచుకుని పూర్తిగా కిటికీ వైపు తిరిగిపోయాడు. ఇక తిరగలేదు. కృపావరం ఆఖరి ముద్ద తిని ఆకు మడిచాడు.

"అర్థం సరిగ్గా చెప్పానా మాష్టారూ?"

"అక్షరం పొల్లుపోలేదు. చూసేవాడికి మాట ఉందన్నమాట. మరి తినేవాడిని ఏమన్నారురా?"

కృపావరం నోరు తెరిచాడు. బుర్రలో ఉన్న మాటలన్నీ గంగిరెద్దుల్లా తలలూపుకుంటూ వచ్చి నిలబడ్డాయి గానీ ఒక్కటీ అది నేనేనని ముందుకు రాలేదు. లేచాడు, తలుపు దాకా పోయాడు, వెనక్కి వచ్చాడు. లేదు.

ఈలోగా మాష్టారు పొట్లం విప్పి ఆకుని రెండుగా చింపారు.

"రండి బావగారూ, చెయ్యి కడుక్కోండి."

"వద్దండి. నాకు ఆకలి లేదండి" అన్నాడు పెద్దాయన, కిటికీకే చెబుతున్నట్టు.

"నాకూ లేదండి. లేనివాళ్లం ఇద్దరం కలిసి తిందాం."

పెద్దాయన భుజాలు కదిలాయి. నవ్వాడో ఏమో. గొడుగు పక్కన పెట్టి ఇటు తిరిగాడు.

ఇద్దరూ తిన్నారు. అనకాపల్లి బెల్లం గురించి మాట్లాడుకున్నారు. పిఠాపురంలో అల్లుడి కోపం గురించి చెప్పుకుని, ఇంజను వాడు వినేంత గట్టిగా నవ్వుకున్నారు. ఇద్దరిలో ఒక్కరూ కృపావరం కేసి చూడలేదు. వాడు కిటికీలోంచి చూడబోయాడు. పొలాల్లో ఏమీ కనబడలేదు. చూపు మళ్లీ ఇటే వచ్చింది. మాష్టారి చేతి మీదకి, పెద్దాయన మొహం మీదకి. వాళ్లు తల ఎత్తితే బాగుండును. "ఏమోయ్" అంటే బాగుండును. తిడితే మరీ బాగుండును. తన నోటి దాకా ఏదో వచ్చింది గానీ ఇంగ్లీషులోనూ రాలేదు, తెలుగులోనూ రాలేదు.

ఇంజను కూత పెట్టింది. బండి ఒక్క కుదుపు కుదిపి కదిలింది. మాష్టారు కిటికీ బయట చెయ్యి కడుక్కుంటూ అప్పుడు తల తిప్పారు.

"నీ కడుపు నిండే ఉందిగా. మరెందుకురా అలా చూస్తున్నావు? రాజమండ్రి వచ్చేలోగా ఆ చూపుకి అర్థం రాసి చూపించు."