ఊపిరి ఫోల్డరు

గుండ్లమెట్ట బస్టాండు వెనక సందులో మాల్యాద్రి అనే కంప్యూటర్ మెకానిక్ ఉండేవాడు. పనిలో చెయ్యి తిరిగినవాడే గాని, "తప్పు నాదే" అన్న మాట అతని నోట ఏనాడూ వచ్చేది కాదు.

కీబోర్డు మీద తనే టీ ఒలకబోసుకుని, "మీరు తెచ్చేటప్పటికే ఇలా ఉంది" అనేవాడు. ప్రింటరు మూత తన చేతిలో విరిగితే, "సరుకే నాసిరకం" అనేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఎవరేం అడిగినా ఓపిగ్గా నేర్పేవాడు. కాకపోతే తన పొరపాటు పదిమందికీ తెలుస్తుందంటే అతనికి గుండె దడ పుట్టేది. ఒక అబద్ధం ఆడేస్తే ఆ దడ తగ్గేది. అలా ఆడీ ఆడీ అది అలవాటైపోయింది.

ఆ ఊరికి నాలుగు మైళ్ళ దూరంలో పలుగురాయిని పొడి చేసే మిల్లు ఒకటి ఉండేది. అక్కడ పనిచేసేవాళ్ళ ఊపిరితిత్తుల్లోకి రాతిపొడి దిగి, నాలుగైదేళ్ళలో మనిషి ఎండిపోయేవాడు. "వాళ్ళకు క్షయ ఉంది, బీడీలు కాలుస్తారు, మా మిల్లుకేం సంబంధం?" అనేవాడు యజమాని. మిల్లు పక్క పేటలో చిన్న ఆసుపత్రి నడిపే నర్సు సలోమి మాత్రం ఆ మాట నమ్మలేదు. తొమ్మిదేళ్ళపాటు ప్రతి నెలా ఒక్కొక్క కూలీ చేత గొట్టంలోకి ఊదించి, ఎంత గాలి వదిలాడో కంప్యూటర్లో రాసిపెట్టింది. పనిలో చేరేటప్పుడూ, తర్వాత ఏడాదికి రెండుసార్లూ తీయించిన ఎక్స్‌రేలు కూడా అందులోనే దాచింది. పనిలో చేరిన నాడు శుభ్రంగా ఉన్న ఊపిరి ఏ ఏడు ఎంత పాడైందో అందులో చూసినవాళ్ళకు ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. చివరికి కార్మిక శాఖ అధికారి ఒకాయన విచారణ పెట్టాడు. "ఆ వివరాలన్నీ సోమవారం తీసుకురండి. నిజమని తేలితే మిల్లు ఆపిస్తాను" అన్నాడు.

నెల రోజులుగా ఆగి ఆగి నడుస్తున్న సలోమి కంప్యూటర్ సరిగ్గా ఆ వారంలోనే పూర్తిగా మొరాయించింది. బుధవారం పొద్దున ఆమె దాన్ని ఆటోలో మాల్యాద్రి కొట్టుకు తెచ్చింది. వెంట బ్రహ్మయ్య అనే కూలీ వచ్చాడు. అతనికి నలభై నిండలేదు, చూస్తే అరవై అనిపించేవాడు. పెట్టె పట్టుకోబోతే సలోమి వారించింది. ఆమే మోసుకొచ్చి బల్ల మీద పెట్టింది. బ్రహ్మయ్య కొట్టు మెట్టు మీద కూర్చుని ఆయాసం తీర్చుకున్నాడు.

మాల్యాద్రి వైర్లు తగిలించి చూశాడు. "వైరస్ పట్టింది సిస్టర్. అంతా తీసేసి విండోస్ కొత్తగా వెయ్యాలి" అన్నాడు.

"వెయ్యి బాబూ. సీ డ్రైవులో ఏం పోయినా ఫర్వాలేదు. డీ డ్రైవులో 'ఊపిరి' అని ఒక ఫోల్డరుంది. అది మాత్రం పోకూడదు. నా పెన్‌డ్రైవు పాడైంది, ఇంకెక్కడా కాపీ లేదు. ముందు దాన్ని నీ దాంట్లోకి తీసిపెట్టు. తర్వాతే మిగతా పని."

"నాకు చెప్పాలా సిస్టర్? రోజూ చేసే పనే."

"తొమ్మిదేళ్ళు బాబూ అది" అంది సలోమి. ఇంకేమీ అనకుండా మందుల కోసం జిల్లా ఆసుపత్రికి బస్సెక్కింది. సాయంత్రం వచ్చేదాకా బ్రహ్మయ్యను అక్కడే ఉండమంది.

మాల్యాద్రి పని మొదలుపెట్టాడు. ఫోల్డరు తీద్దామనుకునేసరికి ఫోను మోగింది. ఎవరిదో ఆఫీసులో నెట్ ఆగిపోయిందట. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఆ తీగ లాగండి, ఈ మీట నొక్కండి అని చెబుతూనే, ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవు గుచ్చాడు. విండోస్ ఎక్కడ వెయ్యాలని తెర అడిగింది. సీ, డీ అని డిస్కులోని పాత భాగాలన్నీ వరసగా కనిపించాయి. వేళ్ళు అలవాటుకొద్దీ ఒక్కొక్కదాన్నే ఎంచి చెరిపేశాయి. ఖాళీ అయిన డిస్కులో మొదటి కొంత జాగాలో కొత్త విండోస్ ఎక్కడం మొదలైంది.

అరగంట తర్వాత తెర తెరుచుకుంది. లోపల చూస్తే సీ డ్రైవు ఒక్కటే ఉంది. డీ లేదు.

మాల్యాద్రి మళ్ళీ మళ్ళీ తెరిచి చూశాడు.

అయితే అప్పటికింకా అంతా పోలేదు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. డిస్కులో ఒక భాగం చెరిపేయడమంటే పుస్తకంలో విషయసూచిక చింపడం లాంటిది. పేజీలు లోపలే ఉంటాయి. వాటిమీద కొత్తగా ఏమీ రాయకుండా, అక్కడికక్కడే కరెంటు తీసేసి, తెలిసినవాడి చేతికిస్తే చాలావరకు తిరిగొస్తాయి. తెలిసినవాడూ ఉన్నాడు. జిల్లా కేంద్రంలో ఖాజా సార్ అని, మాల్యాద్రికి ఈ పని నేర్పిన గురువు, పోయిన ఫైళ్ళు తీయడంలో గట్టివాడు. బస్సులో రెండు గంటల దారి.

కానీ డిస్కు ఖాజా సార్ దగ్గరికి పోవాలంటే, ఎందుకు పోతోందో సలోమికి చెప్పాలి. "కాపీ తియ్యకుండానే చెరిపేశాను" అనాలి. ఖాజా సార్‌తో కూడా అదే అనాలి. ఆ మాట తలుచుకునేసరికి మాల్యాద్రికి దడ మొదలైంది. డిస్కే ముందుగా పాడైందని చెబితే సరిపోతుంది గదా అనుకున్నాడు. వెంటనే ఇంకో భయం పట్టుకుంది. ఆమె దీన్ని ఎవరికైనా చూపిస్తే? వాళ్ళు వెతికితే ఆ ఫోల్డరు బయటపడుతుంది. డిస్కు బాగానే ఉందనీ తేలిపోతుంది.

ఆమె తొమ్మిదేళ్ళ కష్టం అందులో ఇంకా బతికే ఉండటం ఇప్పుడతనికి ముప్పుగా కనిపించింది.

మిగిలిన జాగా అంతా కలిపి కొత్తగా డీ డ్రైవు చేశాడు. ఫార్మాట్ చేసేచోట 'క్విక్' అన్న గడిలో టిక్కు ఉంది. క్షణంలో అయ్యే ఆ పద్ధతిలో పాత పేజీలు అలాగే ఉంటాయి. మాల్యాద్రి ఆ టిక్కు తీసేశాడు. అప్పుడు డిస్కు మొదటి నుంచి చివరి దాకా, ప్రతి పేజీకీ సున్నం కొట్టినట్టు, సున్నాలతో నిండిపోతుంది. ఒప్పుకుంటున్నట్టు నొక్కాడు. తెర మీద ఒక అంకె పుట్టింది. ఒక శాతం. రెండు శాతం.

"టీ తాగుతావా తమ్ముడూ?" అని మెట్టు మీంచి బ్రహ్మయ్య అడిగాడు. అతనే వెళ్ళి రెండు గ్లాసులు తెచ్చాడు. పది అడుగుల దూరం నడిచొచ్చేసరికి, అతనికి మాట రావడానికి కాసేపు పట్టింది.

"ఎంతసేపు పట్టుద్ది?"

"రెండు గంటలు అన్నా."

"పట్టనీలే. నెమ్మదిగా చెయ్యి." బ్రహ్మయ్య గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. "నేను మిల్లులో చేరిన నాడు తీసిన ఫోటో కూడా ఉందంట దాంట్లో. సిస్టరమ్మ చూపిచ్చింది. ఇది నీదేనయ్యా, ఎంత బాగుందో చూడు అంది. ఎముకల ఫోటో జూసి సంబరపడింది నేనొక్కణ్ణే."

మాల్యాద్రి నవ్వలేకపోయాడు. తెర మీద ఇరవై రెండు ఉంది. పక్కనే 'ఆపు' అన్న మీట ఉంది. నొక్కితే ముప్పాతిక భాగం మిగులుతుంది.

"నాదెటూ అయిపోయింది తమ్ముడూ. డాక్టర్లు చెప్పారు. మా మేనల్లుడు వెంకటరమణ ఈ సంక్రాంతి నించి అక్కడే పొడి ఎత్తుతున్నాడు. వద్దురా అంటే ఇనడు, ఇంకోచోట పని లేదంటాడు. మిల్లు ఆగితే వాడాగుతాడు. అంతే నాకు కావాల్సింది."

ముప్పై ఒకటి. మాల్యాద్రి మౌసు దాకా చెయ్యి తీసుకెళ్ళాడు. నొక్కితే బ్రహ్మయ్య, "ఏమైంది తమ్ముడూ?" అంటాడు. దానికి జవాబు చెప్పాలి. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నలభై దగ్గర మళ్ళీ అనుకున్నాడు. అరవై దగ్గర, ఇప్పుడు ఆపినా ఏం లాభంలే అనుకున్నాడు. ఎనభై దాటాక తెర వైపు చూడటం మానేశాడు.

నూరు శాతం అయ్యాక మిగతా పని అంతా ఎంతో శ్రద్ధగా చేశాడు. డ్రైవర్లు వేశాడు. తెలుగు అక్షరాలు వేశాడు. ప్రింటరు కలిపాడు. తెర మీద పూల బొమ్మ పెట్టాడు. ఎవరికీ చెయ్యనంత చక్కగా సర్దాడు.

సాయంత్రం సలోమి వచ్చింది.

"సిస్టర్, డీ డ్రైవు అసలు తెరుచుకోలేదు" అన్నాడు మాల్యాద్రి ఆమె మొహం చూడకుండా. "డిస్కులో ఆ భాగం ముందే పాడైంది. ఎన్ని విధాల చూసినా రాలేదు. మీరు ఒక నెల ముందు తెచ్చి ఉంటే ఏమన్నా చేసేవాణ్ణి."

సలోమి పక్కనున్న కుర్చీలో కూర్చుంది. అరవలేదు, ఏడవలేదు. "నిజమే. పోయిన నెలే తేవాల్సింది. జ్వరాల రోజులని ఆగాను. నాదే తప్పు" అంది.

"నువ్వేం జేస్తావమ్మా" అన్నాడు బ్రహ్మయ్య. ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయి, మళ్ళీ దించేసుకున్నాడు.

'నాదే తప్పు' అన్న మాట తన నోటితో అనలేకనే మాల్యాద్రి ఇంత చేశాడు. ఏ తప్పూ చెయ్యని ఆమె దాన్ని అంత తేలిగ్గా అనేసింది. అతను మాత్రం వంగి కంప్యూటర్ తీగలు చుట్టడం మొదలుపెట్టాడు.

శుక్రవారం ఖాజా సార్ ఫోను చేశాడు. "ఏరా మాల్యాద్రీ, నర్సమ్మ ఒకావిడ డిస్కు పట్టుకొచ్చింది. నీ కొట్లో బాగుచేయించానంది. డిస్కుకి ఏ జబ్బూ లేదురా. డీ అంతా సున్నాలు. ఫుల్ ఫార్మాట్ కొట్టావా?"

మాల్యాద్రి కొట్టు తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

"పొరపాటున చెరిపేసి, అక్కడితో ఆగి నాకు ఫోను చేసుంటే, నూటికి తొంభై పాళ్ళు తీసిచ్చేవాణ్ణి. అందరికీ జరిగేదే. నాకూ జరిగింది. ఇక రాదని మాత్రం చెప్పాను ఆమెకి. ఎందుకు రాదో చెప్పలేదు. అది నువ్వు చెప్పాల్సింది."

మాల్యాద్రి చెప్పలేదు.

సోమవారం విచారణ జరిగింది. సలోమి ఆ ఏడాది చేత్తో రాసుకున్న నాలుగు కాగితాలు పట్టుకెళ్ళింది. కూలీలకు మళ్ళీ ఎక్స్‌రేలు తీయించవచ్చు గానీ, అవి ఇప్పుడు జబ్బుందని చెబుతాయే తప్ప, మిల్లులో చేరకముందు లేదని చెప్పలేవు. "క్షయ" అన్నాడు యజమాని తరఫు వకీలు. అధికారి మంచివాడే. "అమ్మా, మీ మాట నేను నమ్ముతాను. కానీ నమ్మకాన్ని రుజువని రాయలేను" అని ఫైలు మూశాడు. మర్నాడు పొద్దున మిల్లు కూత మామూలుగానే కూసింది.

వానలు మొదలైన నెలకు బ్రహ్మయ్య పోయాడు. కబురు తెలిసిన రోజు మాల్యాద్రి కొట్టు తీయలేదు. మూడో రోజు సైకిలు మీద పేటకు పోయి, ఆసుపత్రి గడప బయటే నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. గడి దగ్గర టిక్కు తీసేసిన సంగతి కూడా దాచలేదు.

సలోమి అంతా విన్నది. "ఫోల్డరు ఇంకా లోపలే ఉందని నీకెప్పుడు తెలిసింది?"

"ఆ రోజే సిస్టర్. మధ్యాహ్నమే."

"బ్రహ్మయ్య నీకు టీ తెచ్చేసరికే తెలుసా?"

"అవును."

ఆమె కిటికీ లోంచి మిల్లు వైపు చూసింది. "అక్కడే ఆగి, వేలు జారి చెరిపేశానని చెప్పి ఉంటే, నేను నిన్నొక్క మాట కూడా అనేదాన్ని కాదు బాబూ. ఆ రాత్రి బస్సుకే ఇద్దరం ఖాజా గారి దగ్గరికి పోయేవాళ్ళం."

"నన్నేం చెయ్యమంటారు సిస్టర్?"

"నువ్వు చెయ్యడానికి ఇప్పుడేం లేదు. అడ్డు తప్పుకో. లోపలికి రావాల్సినవాళ్ళున్నారు."

మాల్యాద్రి వెనక్కి తిరిగి చూశాడు. పనిలోంచి నేరుగా వచ్చిన కుర్రవాళ్ళు అయిదారుగురు వరసలో నిలబడి ఉన్నారు. తలలూ కనుబొమ్మలూ పొడితో తెల్లగా ఉన్నాయి. సలోమి కొత్త పుస్తకం తెరిచి, మొదటి పేజీలో తేదీ వేసి, "వెంకటరమణా, రా నాయనా, ఊదు" అని పిలిచింది. ఆ కుర్రాడు గొట్టం నోట పెట్టుకుని ఊదబోయి, మధ్యలోనే దగ్గాడు.

పిల్లలూ, పెద్దలూ తెలుసుకోవలసిన నీతి ఇది: తప్పు చేసిన చెయ్యి వెంటనే ఆగి ఒప్పుకుంటే దిద్దుకునే దారి ఉంటుంది, కప్పిపుచ్చబోతే, చేసిన తప్పు కన్నా ఆ కప్పిపుచ్చడమే ఎక్కువ నాశనం చేస్తుంది.