వెళ్ళొస్తానన్న యంత్రం

యంత్రానికి కరుణ నేర్పిన మొట్టమొదటి తెలుగువాణ్ణి నేనే. నేర్పాననే అనుకున్నాను, యంత్రమూ అలాగే అనుకున్నట్టుంది. మిగతా లోకానికే ఆ సంగతి ఇంకా తెలియలేదు.

మా గురువు వకుళ మేడమ్ అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పరు. యంత్రాల గదిలో ఎవర్నీ ఏమీ తిననివ్వరు. ఈ రెండిట్లో ఏది పెద్ద కష్టమో శిష్యులం ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆవిడ దగ్గరే నేనొక యంత్రాన్ని తయారుచేశాను. అయినవాళ్ళను పోగొట్టుకున్నవాళ్ళకు అది పొద్దున్నే ఫోను చేస్తుంది, తిన్నారా అని అడుగుతుంది, చెప్పుకున్నంతసేపూ వింటుంది.

భార్య పోయిన దగ్గర్నుంచి బంగారయ్య అన్నం ముట్టడంలేదని ఆయన కూతురు పైడమ్మ చెబితే, మొదటి ఫోను ఆయనకే చేయించాం. మాట్లాడేది యంత్రమని ముందే చెప్పాం. ఆయన కాసేపు బాగానే మాట్లాడాడు. ఆఖర్న యంత్రం ఎంతో మర్యాదగా “వెళ్ళొస్తానండి” అంది. ఆయన ఫోను తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించేశాడు.

నాకు అంతుబట్టలేదు. “ఇంత మెత్తగా మాట్లాడితే ఎక్కడ నొచ్చుకున్నాడు మేడమ్?” అని అడిగాను. ఆవిడ చెప్పులు వేసుకుని, రమ్మన్నారు.

బంగారయ్య ఇంట్లో ఆవిడ ఆయనతోపాటు చాలాసేపు నేలమీద కూర్చున్నారు. తర్వాత బియ్యం డబ్బాలోంచి ఫోను తీసి, చెంగుతో తుడిచి, ఆయన పక్కన పెట్టి, ఒక్క మాటయినా అనకుండా లేచి బయటికి నడిచారు. ఇదేం మర్యాదని ఆ లోటు నేను పూడ్చాను. చేతులు జోడించి, “వెళ్ళొస్తాం తాతా” అన్నాను.

ఇల్లంతా బిగుసుకుపోయింది. పైడమ్మ నన్ను గుమ్మం దాకా తీసుకొచ్చి నెమ్మదిగా అంది: “చావు పలకరింపుకొచ్చినోళ్ళు ఆ మాట అనరు బాబూ. మళ్ళీ రావాలంటే ఈ ఇంట్లో ఇంకోళ్ళు పోవాలి.”

తిరిగొచ్చి ఆ మాట తీసేశాను. మర్నాడు యంత్రం మాట్లాడ్డం అవగానే చప్పుడు చెయ్యకుండా ఫోను పెట్టేసింది. కాసేపటికి మా యంత్రాల గదిలో ఫోను మోగింది. తీశాను. మేడమ్ నా వెనకే నిలబడి ఉన్నారు.

“మీ మిషను చెప్పాపెట్టకుండా ఆగిపోయిందయ్యా. దానికేటైనా అయిందా?” బంగారయ్య గొంతు. నేనేదో నసిగాను. “నీ మాటేటి, అదోలా ఉంది? తిన్నావా?”

“తినలేదు తాతా” అన్నాను.

“నానూ తిన్లేదు. ఉండు, పొయ్యి ఎలిగిస్తాను. నువ్వూ తిను.” డబ్బా మూత తీసిన చప్పుడూ, గిన్నెలో బియ్యం పడిన చప్పుడూ వినిపించాయి.

ఇంతకీ ఆయన చేత పొయ్యి వెలిగించింది యంత్రం మర్యాదా, దాని అమర్యాదా, లేక నా కరుణా? ఎంతకీ తేలక మేడమ్ వైపు తిరిగాను. ఇక దాచి లాభంలేదు. తినలేదన్నది కరుణతో కాదు, వెనక ఆవిడ ఉన్నారని. ఫోను తీసేసరికి నా నోట్లో ఇడ్లీ ఉంది.

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు.

“మూతికంటిన చట్నీ తుడుచుకో” అన్నారు. “ఆయన తినమన్నాడుగా, వెళ్ళి మళ్ళీ తిను.”