పదును తెలియని పండితుడు

అనగా అనగా, వాన మొహం చాటేసిన ఒక రాజ్యం. ఆ రాజ్యంలో నరహరి భట్టు అనే పండితుడు. సేద్యం మీద నూరు పద్యాలు రాశాడు. బురదలో మాత్రం ఒక్కనాడూ కాలు పెట్టలేదు. పల్లకీ ఉండగా ఆ అవసరం ఏమొచ్చింది!

పద్యాలు విని రాజుగారు మురిసిపోయారు.

"భట్టుగారూ, కరువుతో రేగడివాడలో గింజ లేకుండా పోయింది. మన గాదెల్లో మిగిలిన మూడు పుట్ల జొన్న విత్తనం మీ చేతిలో పెడుతున్నాను. మీరు చెప్పినప్పుడే ఊరు విత్తాలి. ఆ ఊరి ఆకలి మీ పూచీ," అన్నారు.

రేగడివాడలో ఏ ఏడైనా మొదటి గింజ వేసేది ముసలి రైతు ఈరమ్మ. ఒకరోజు పొద్దున్నే నాలుగు చినుకులు పడ్డాయి. భట్టు పల్లకీలోంచే చెయ్యి ఊపాడు. "విత్తండి!"

ఈరమ్మ కాలి బొటనవేలితో నేల గీరి చూసింది. "పదును లేదు సామీ."

భట్టు కళ్లు విత్తనాలు వేసే గొర్రు మీద పడ్డాయి. నిజమే, దాని ఇనప కర్రులు అరిగి ఉన్నాయి. వెంటనే కమ్మరి మౌనాచారి చేత తళతళలాడేలా నూరించి, "ఇప్పుడుంది పదును. విత్తండి," అన్నాడు.

రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రాజాజ్ఞ కదా, విత్తారు. పైన తడి, కింద దుమ్ము. మొలక రాలేదు. గింజల్ని చీమలు మోసుకుపోయాయి. ఒక పుట్టి పోయింది.

తర్వాత నాలుగు రోజులు ముసురు పట్టింది. పొలమంతా బంక.

"పదును ఎక్కువైంది సామీ. ఆగుదాం," అంది ఈరమ్మ.

'ఓహో, మొన్న మరీ నూరించేశానన్నమాట' అనుకుని భట్టు పల్లకీని మళ్లీ కొలిమి దగ్గరికి పట్టించాడు.

"కర్రులు మొద్దు చెయ్యాలా?" మౌనాచారి సుత్తి దించేశాడు. "మా తాతల నాటి నుంచి ఇట్టా అడిగినోళ్లు లేరు సామీ."

"శాస్త్రంలో ఉంది," అనేశాడు భట్టు. ఏ శాస్త్రంలోనూ లేదు. 'పోయి అవ్వను అడిగితే?' అనిపించింది. నూరు పద్యాలు రాసినవాడు అక్షరం ముక్క రాని అవ్వను అడగడమా! ప్రశ్నను మింగేసి, కర్రులు మొద్దు చేయించి విత్తించాడు. రెండో పుట్టి బురదలో కుళ్లింది.

మిగిలింది ఒక్క పుట్టి. మళ్లీ వాన కురిసింది, రెండు రోజులు ఎండ కాసింది. ఈరమ్మ ఆయాసపడుతూ పరుగెత్తుకొచ్చింది.

"పదును ఆరిపోతోంది సామీ! ఈ పూట దాటితే ఇంక లేదు!"

ఆరిపోవడమా? ఇనుముకు తడెక్కడిది, ఆరడానికి? భట్టు పల్లకీ దిగాడు. మొదటిసారి ఆయన కాళ్లకు మన్ను అంటింది.

"అవ్వా... పదునంటే ఏమిటి?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఈరమ్మ నవ్వలేదు. ఆమె నవ్వినా బాగుండు అనిపించింది ఆయనకు. ఆమె ఆయన గుప్పిట్లో మట్టి పెట్టింది.

"పిసకండి. ముద్ద కట్టిందా? ఇప్పుడు వేలితో తాకండి. విడిపోయిందా? గింజ మొలిచే తడి ఇదే సామీ. మేం దీన్నే పదునంటాం."

"మరి నేను కర్రులు నూరిస్తుంటే చెప్పలేదేం?"

"సదువుకున్నోరు, ఏదో లెక్క ఉంటదనుకున్నా. అడిగితే నా తెలివితక్కువతనం బయటపడుద్దని సిగ్గేసింది."

ఆ మాటకు భట్టు తల ఇంకా కిందికి వాలింది.

ఆ పూటే విత్తారు. పైరు నిలిచింది. అయినా పండింది మూడింట ఒక వంతే. ఆ ఏడు రేగడివాడ ఒంటిపూట తింది. ఊళ్లోనే ఉండిపోయిన భట్టూ ఒంటిపూటే తిన్నాడు. ఖాళీ గిన్నె నాకుతున్న పసివాడు ఎదురైతే పక్క సందులోకి తప్పుకునేవాడు.

కరువులో పంట తీశాడని రాజుగారు సభలో శాలువా కప్పబోయారు. భట్టు రెండడుగులు వెనక్కి వేశాడు.

"వద్దు ప్రభూ. పండిన వంతు ఈరమ్మది. పోయిన రెండు వంతులూ నావి. ఒక్క మాట అడగలేక ఊరిని పస్తు పెట్టాను. నా పద్యాలు పక్కన పెట్టండి. నన్ను ఆమె పొలంలో పని నేర్చుకోనివ్వండి."

రాజుగారు శాలువా మడిచి ఆయన చేతికే ఇచ్చారు, ఈరమ్మకు అందించమని.

మనం తెలియదని ఒప్పుకోకుండా దాచుకుంటే, పస్తుండేది మనల్ని నమ్మినవాళ్లు. అందుకే పిల్లలూ, తెలియని మాటను మొదటిసారే అడిగెయ్యాలి.