ముద్ర విప్పని బానలు

కొండల నడుమ ఒకానొక రాజ్యాన్ని గజకేసరి అనే రాజు ఏలేవాడు. ద్రాక్షాసవం సంగతి తనకు తెలిసినంతగా దేవతలకు కూడా తెలియదని ఆయన నమ్మకం. ఏదైనా పాతబడితేనే గొప్ప అనేవాడు. అందుకే తెల్లద్రాక్ష ఆసవాన్ని సైతం ఏళ్ల తరబడి నేలమాళిగలో దాచి, పులిసి చెడిపోయాక విందుల్లో పోయించేవాడు. సభికులు కళ్లు మూసుకుని మింగి, అమృతమనేవారు.

ఒక విందులో విదూషకుడు కేసన మొహం చిట్లించాడు. అది రాజు కంట పడింది.

వెంటనే అతన్ని నేలమాళిగకు నడిపించాడు. అక్కడ మనిషి ఎత్తు బానలు వరసగా ఉన్నాయి. ఆ వంశంలో ప్రతి రాజూ పట్టాభిషేకం నాడు ఒక బాన నింపించి, మూతికి మట్టి మెత్తించి, తన ఉంగరంతో ముద్ర వేసేవాడు. తన ఏలుబడిలో అన్నిటికన్నా గొప్ప రోజున దాన్ని విప్పి తాగాలి. ఇంతకన్నా గొప్ప రోజు ముందుందిలే అనుకుంటూ ఒక్కరూ విప్పలేదు. రాజులు పోయారు, బానలు మిగిలాయి.

చివర ఒక ఖాళీ బాన నోరు తెరుచుకుని ఉంది.

"ముద్ర విప్పకుండా చెప్పు. వీటిలో ఏది ఇప్పుడే తాగాలి, ఏది దాచాలి? తప్పావంటే ఆ ఖాళీ బానలో నిన్ను కూర్చోబెట్టి మూతికి మట్టి మెత్తిస్తాను. పాతబడితే నువ్వూ బాగుపడతావేమో చూద్దాం" అన్నాడు రాజు.

 కేసన వెళ్లి, రాజుగారి తాత బానను వేలితో తట్టి, చెవి ఆనించాడు. లోపల ఎవరో నిట్టూర్చినట్టయింది. తండ్రిగారి బానా అంతే. చివరికి గజకేసరి సొంత బానను కింది నుంచి తట్టుకుంటూ వచ్చి, నడిమికి రాగానే చెయ్యి ఆపేశాడు. అక్కడ మోత మారింది. ముద్రలు మాత్రం వేసినవి వేసినట్టే ఉన్నాయి.

"తెల్లద్రాక్షది తొలి ఏడే తాగెయ్యాలి ప్రభూ. నల్లద్రాక్షది వగరు పోయేదాకా ఆగాలి. మీ పట్టాభిషేకం నాడు నింపిస్తుంటే చూశాను, మీది నల్లద్రాక్ష, ఆగాల్సినంత ఆగింది. ఇవాళే తాగండి. పెద్దలవి ఎన్నాళ్లు దాచినా ఇక చెడవు."

రాజు నవ్వి, రుజువు చూద్దామంటూ తాతగారి బాన విప్పించాడు. అడుగున చుక్క లేదు. తండ్రిగారి బానలోనూ లేదు.

"లేనిది ఎలా చెడుతుంది ప్రభూ" అన్నాడు కేసన మెల్లగా.

రాజు తన బాన ముద్రను తన చేత్తోనే పగలగొట్టి, దీపం దించి చూశాడు. ఆసవం సగానికి దిగిపోయి ఉంది. ఆయన కేసన వైపు తిరిగాడు.

"ఎవరు తాగుతున్నారు, కేసనా?"

"నాకూ తెలియదు. మనం దాచినన్నాళ్లూ వాళ్లకు కావలసినంత తీరిక. ఈ మిగిలిన సగం మాత్రం మీది."

రాజు గిన్నె ముంచుకుని తాగాడు. అంత కమ్మటి ఆసవం ఆయన జన్మలో ఎరగడు. పకపకా నవ్వాడు. తన ఏలుబడిలో గొప్ప రోజు ఇదేనని చెప్పి, మెడలోని ముత్యాల హారం తీసి కేసన మెడలో వేశాడు. ఇకమీదట తెల్లద్రాక్షది ఏడాది దాటనివ్వనన్నాడు.

ఇద్దరూ మెట్లెక్కుతుంటే, వెనక చీకట్లో ఎవరో గుటక వేసిన చప్పుడైంది. రాజు ఉలిక్కిపడి ఆగిపోయాడు.

"వెనక్కి చూడకండి ప్రభూ" అన్నాడు కేసన. "పెద్దలకు ఒక గిన్నె వదిలి వచ్చాను."