ఇల్లంత బండ

ఏం చూశారు, చెప్పండి. పేరు వద్దు, చూసింది చెప్పండి.

గుర్రప్ప సార్ క్లాసులోకి రాగానే బల్ల మీద ఒక రాయి పెట్టి అడిగే మాట ఇది. ఎవరైనా లేచి "సున్నపురాయి సార్" అంటే, "అది నువ్వు విన్నది. చూసింది చెప్పమన్నా" అనేవాడు. భూగర్భశాస్త్రం డిగ్రీకి వచ్చిన పిల్లలు మొదటి నెలంతా ఆ మాటకు బెదిరిపోయేవాళ్లు. తర్వాత అలవాటు పడేవాళ్లు. మద్దిలేటి మాత్రం మొదటిరోజు కూడా జంకలేదు. వాడు బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసుకుంటూ చదువుకున్నవాడు. రాయిని వేలితో కొట్టి లోపల పగులుందో లేదో చెప్పేవాడు.

అలాంటివాడు జీవాశ్మాల పేపరు తప్పాడు. అది పాసు కాకపోతే డిగ్రీ లేదు. డిగ్రీ లేకపోతే వాడికోసం ఆగి ఉన్న క్వారీ సూపర్‌వైజర్ ఉద్యోగమూ లేదు. అయినా మళ్లీ రాయనని పట్టుపట్టాడు. కడప జిల్లాలో ఒక కొండ కింద ఫీల్డు క్యాంపు వేసినప్పుడు, పిల్లలందరి ముందూ సార్‌నే అడిగేశాడు.

"సార్, నేను రాయి కోసం వచ్చినా. స్ఫటికాలంటారు, లెక్కలంటారు, రసాయనాలంటారు, ఎప్పుడో చచ్చిన నత్తలూ నాచులూ అంటారు. రాయి ముందర నిలబడినోడికి ఇన్ని పేపర్లు దేనికి సార్?"

ఇంట్లో చల్లగా కూర్చుని చదివినవాళ్లు ఇలాంటి ప్రశ్న వింటే పొగరు అంటారు. ఆ మాట అంటే నాకు ఒళ్లు మండుతుంది. రాళ్లు మోసి చదివినవాడికి పుస్తకం మీద కోపం ఉంటుంది. ఆ కోపం వాడు సంపాదించుకున్నది. గుర్రప్ప సార్ కూడా పగలు కూలికి పోయి చదివినవాడే కాబట్టి కోప్పడలేదు. "నీ పటం తీసుకురా, నీ కొండకే పోదాం" అన్నాడు.

క్యాంపులో ఇద్దరిద్దరికి కొండ మీద కొంత భాగం పంచుతారు. అక్కడి రాతిపొరలు ఎటు వాలి ఉన్నాయో కొలిచి పటం గీయాలి. మద్దిలేటికి జోడీ రుక్సానా. వాళ్ల భాగంలో పొరలన్నీ ఈశాన్యానికి మెల్లగా వాలి ఉన్నాయి. ఒక్కచోట మాత్రం పడమటికి వాలాయి. అంటే మధ్యలో నేల చీలి పొరలు జరిగి ఉండాలి. దాన్ని ఫాల్టు అంటారు. పాత పటాల్లో ఎక్కడా లేని ఫాల్టు! మద్దిలేటి ఎర్ర పెన్సిలుతో గీత గీశాడు. పరీక్షకుడు ఆ గీత చూస్తే చాలు, పేపర్ల సంగతి ఎవరూ ఎత్తరని వాడి ధీమా.

దారిలో రుక్సానా ఆటపట్టిస్తూనే ఉంది. "నీ పేరే పెడతార్లే. మద్దిలేటి ఫాల్టు. నీలో ఉండే ఫాల్టులు చాలవని!"

"నవ్వు, నవ్వు. పటంలో సగం పేరు నీది కూడా."

ఆ పొరలు కొలిచింది ఒక పెద్ద బండ మీద. ఇల్లంత ఉంది. సగం నేలలో కూరుకుపోయి, చుట్టూ పొదలు కమ్ముకుని, కొండతోపాటే పుట్టినట్టుంది. సార్ దాన్ని ఎక్కి కూర్చుని జొన్నరొట్టెలు విప్పాడు. చెనిగ్గింజల చట్నీ నడిమధ్య పెట్టాడు. ముగ్గురూ తిన్నారు. మంచి గాలి. రొట్టెలు అయిపోయేదాకా సార్ ఫాల్టు ఊసే ఎత్తలేదు. మద్దిలేటికి తిండి కూడా సహించలేదనుకుంటా, చివరి రొట్టె రుక్సానాకు ఇచ్చేశాడు.

"దిగి, దీని పక్కగోడ మీద నీళ్లు చల్లురా" అన్నాడు సార్.

రాయి తడిస్తే లోపలి చారలు పైకి తేలతాయి. మద్దిలేటి సీసా వంచాడు. బూడిదరంగు గోడ మీద వంపు తిరిగిన గీతలు లేచాయి, గిన్నెలో గిన్నె పెట్టినట్టు.

"ఏమున్నాయి?"

"గిన్నెలు సార్."

"బోర్లించినవా, వెల్లకిలా ఉన్నవా?"

"వెల్లకిలానే. నీళ్లు పోస్తే నిలిచేటట్టుండాయి."

"రుక్సానా, పైకి పోయి కొండను తడిపి చూడమ్మా."

ఆ పిల్ల పైకెక్కి అంచులోని రాయిని తడిపింది. పక్క రాళ్లనూ తడిపింది. తర్వాత అరిచింది. "ఇక్కడ బోర్లించి ఉన్నాయి సార్! పక్కనా అంతే. అన్నీ బోర్లానే!"

"అయితే ఏమి?" అన్నాడు మద్దిలేటి. వాడికి నిజంగానే తెలియదు.

రుక్సానా జారుకుంటూ దిగివచ్చి చెప్పింది. ఒకప్పుడు ఇక్కడంతా సముద్రం. లోతు లేని నీళ్లలో నాచు బురదను పట్టుకుంటూ పొర మీద పొరగా పెరిగి గుబ్బలు కట్టి, చివరికి రాయైంది. అది వెలుతురు కోసం ఎప్పుడూ పైకే పెరుగుతుంది. కాబట్టి గుబ్బ పైకి ఉండాలి, గిన్నె బోర్లించినట్టు. జీవాశ్మాల పేపరులో ఉంది. ఆ ప్రశ్నకు ఆమెకు మంచి మార్కులే వచ్చాయి.

మద్దిలేటి బండను చూశాడు. తల ఎత్తి కొండ అంచును చూశాడు. అక్కడ పెద్ద ముక్క ఊడిపోయిన చోటు నోరు తెరుచుకుని ఉంది. మళ్లీ బండను చూశాడు.

"అమ్మ దీనెమ్మ! ఇంత బండా బొక్కబోర్లా పడిందా!"

రుక్సానా పొట్ట పట్టుకుని నవ్వింది. వాడూ నవ్వాడు. ఎర్రగీతను అక్కడే, తమ బరువుకు చలించని ఆ బండ మీదే పటం పరుచుకుని, రబ్బరుతో తుడిచాడు. ఊడి దొర్లిపడిన బండ మీది కొలత కొండ కొలత కాదు, వాడు కలగన్న కొత్త ఫాల్టు పోయింది. అయినా ముఖం చిన్నబోలేదు. రాయి ఒకటి తనకు తెలియని మాట చెప్పిందని వాడికి సంతోషంగానే ఉంది.

"మళ్లీ రాస్తా సార్ ఆ పేపరు. చదివుంటే ఈ తప్పు చేసుండేవాణ్ని కాదు."

గుర్రప్ప సార్ చేతులు దులుపుకుని లేచాడు.

"రుక్సానా చదివింది కదరా. నిన్న నువ్వు కొలుస్తుంటే ఈ పిల్ల దీని మీదే కూర్చుని ఆ కొలతలు రాసుకుంది."

ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది. సార్ కొండ దిగడం మొదలుపెట్టాడు.

చదివినవాళ్లూ, చదవకుండానే బతుకు నేర్చినవాళ్లూ, మిమ్మల్నే అడుగుతున్నా: మీరు నమ్మకంగా కూర్చున్న బండను ఎప్పుడైనా దిగి చూశారా?