ఒక ఏనుగు కథంత సేపు

కళ్ళు మూసుకో. కథ వినాల్సింది చెవులతో, కళ్ళతో కాదు. ఇవాళ్టిది వంట కథ. నవ్వకు మరి! నేను చేసిన కుడుములు మీ తాతయ్య తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టేవారని అందరూ అంటారు గానీ అదంతా అబద్ధం. ఒక్కసారే పెట్టారు.

అనగనగా ఒక ఊళ్ళో, ఆ ఊరి పేరు చెబితే అక్కడివాళ్ళు నామీద పోట్లాటకొస్తారు గనక పేరు మనకొద్దు, పైడి అని ఒక పిల్ల ఉండేది. ఐదేళ్ళ పిల్ల. అమ్మమ్మ నూకాలమ్మ ఇంట్లో ఉండేది. వాళ్ళమ్మ పట్నం ఆసుపత్రిలో తమ్ముణ్ణి కంది. ఆదివారం ఇంటికొస్తున్నారని కబురొచ్చింది.

అప్పుడు పైడి నడుం మీద చెయ్యేసుకుని, "అమ్మకి ఆవిరికుడుము నేనే సేత్తాను" అంది. ఆవిరికుడుమంటే వాళ్ళమ్మకి ప్రాణం.

గోడ అవతల సన్నేశమ్మత్త ఉంది. పైడి మేనమామ పెళ్ళాం. ఆవిడ చెవులు గోడకి ఇటువైపే ఉంటాయి.

"ఓలమ్మో! ఈ గుంట ఒండుతాదట, బాలింత తింతాదట! పచ్చిపిండి పడితే బాలింత కడుపేటౌతాది? ఆ పాలు తాగే పసిగుడ్డేటౌతాడు? అత్తా, నువ్వైనా సెప్పవేటి?"

"సెయ్యనీయే," అంది నూకాలమ్మ. "ఉడికితే పెడదాం, నేకపోతే పెరట్లో మేక తింతాది."

"అయితే నా సేత్తో ఇరిసి సూత్తాను. పచ్చి తగిలిందా, మా ఇంటి కారియరొస్తాది. ఆపైన ఈ గుంట పొయ్యికాడ కనిపించకూడదు."

"సరే" అంది పైడి. అనేశాక కొంచెం భయమేసింది. అయినా నడుం మీంచి చెయ్యి తియ్యలేదు.

నూకాలమ్మకి కళ్ళు మసక. నిప్పు పని, రుబ్బే పని ఆవిడవి. మినప్పప్పు కడగడం, పొట్టు తేల్చడం, ఉప్పెయ్యడం పైడివి. కుండలో నీళ్ళు పోసి, మూతికి తడిగుడ్డ బిగించి కట్టి, గుడ్డమీద పిండి పరిచి, పైన మూత బోర్లిస్తే ఆవిరికుడుము. అంతే.

అంతే గానీ, ఎంతసేపు? మధ్యలో మూత తీశావా, ఆవిరి అలిగి పోతుంది, కుడుము కూలబడుతుంది. గోడ గడియారం చూద్దామంటే అది ఎప్పుడూ టీ వేళే చూపిస్తుంది. నూకాలమ్మ పూర్వం ఒక పాట ఎత్తుకునేది. పాటయ్యేసరికి కుడుమయ్యేది. ఇప్పుడు పాట మధ్యలో దగ్గొస్తోంది. ఆ దగ్గు ఎంతసేపుంటుందో దగ్గుకే తెలీదు.

అప్పుడు పైడి అంగన్‌వాడీ నుంచి తెచ్చుకున్న బొమ్మల పుస్తకం తీసింది. అందులో ఒక ఏనుగుపిల్ల సంతకెళ్తుంది, అడవిలో తప్పిపోతుంది, చివరికి ఇంటికొస్తుంది. పైడికి అక్షరాలింకా రావు. టీచరమ్మ చదువుతుంటే విని విని, బొమ్మ చూసి చెప్పేసేది.

"అమ్మమ్మా, ఈ కత నీ పాటంత ఉంటాదా?"

నూకాలమ్మ ఒక పేజీ చెప్పించుకుంది. తలూపుతూ వింది. "ఉంటాది. టీచరమ్మ సదివినట్టే సదవాల. తొందరపడకు, సాగదియ్యకు."

మొదటి రోజు పైడికి ఆత్రం ఆగలేదు. మూతకింద ఏమౌతోందో చూడాలి! పేజీలు రెండేసి తిప్పేసింది. ఏనుగు వెళ్ళింది, కొంది, వచ్చేసింది. మూత తీస్తే పైన కుడుము, లోపల పిండి. వేలు పెడితే వేలికంటుకుంది.

"ఏనుగు పరిగెట్టినట్టుందే!" అంది గోడ అవతలి గొంతు. కుడుము మేక తింది.

మర్నాడు పైడి మెల్లగా చదివింది. మరీ మెల్లగా. సంత పేజీలో గాజులున్నాయి, జీళ్ళున్నాయి, గొడుగులమ్మే కోతి ఉంది. పచ్చ గాజులా, ఎర్ర గాజులా? అది తేలేలోపు మాడు వాసనొచ్చింది. కుండలో నీళ్ళన్నీ ఇగిరిపోయి గుడ్డకి నిప్పంటుకుంది. నూకాలమ్మ చెంబుడు నీళ్ళు గుమ్మరించింది. పిండి చింది పుస్తకం నిండా పడింది.

"నిన్న పచ్చి, ఇయ్యాల బొగ్గు. రేపటికి బూడిదేనేటే?" అంది సన్నేశమ్మత్త.

పైడి తలుపు వెనక్కెళ్ళి కాసేపు ఏడ్చింది. గౌనుతో ముక్కు తుడుచుకుంది. ఆ తర్వాత తడిగుడ్డతో పుస్తకం తుడిచి, పెరటి గోడమీద ఎండకి పెట్టింది. "మళ్ళీ సేత్తాను" అంది.

ఆదివారం వచ్చింది. కుండ పొయ్యెక్కింది, గుడ్డ బిగిసింది. పైడి పిండి పరిచి, మూత పెట్టించి, పుస్తకం కోసం పెరట్లోకి పరిగెత్తింది.

మేక నములుతోంది. చివరి ఐదు పేజీలూ లేవు. ఏనుగుపిల్ల అడవిలో తప్పిపోయింది, అక్కడితో ఆఖరు.

"మీ కుడుములు తిననేక మేక పుస్తకం పట్టినాది!" సన్నేశమ్మత్త పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఇప్పుడేటి సేద్దుమే? మీ అత్త కారియరే తెప్పిద్దునా?" అంది నూకాలమ్మ.

"వద్దు. మేక తిన్నాది కాయితం. కత నేను సెప్తాను."

పైడి పొయ్యికి దూరంగా పీటేసుకుని కూర్చుంది. ఉన్న పేజీలు టీచరమ్మలాగే చదివింది. ఆ తర్వాత ఒక చెయ్యి చాపింది, పోయిన పేజీకొక వేలు.

"ఏనుగుపిల్ల పుట్టకాడి సీమనడిగింది, మా ఇంటికి దారేదని. సీమ సూపించింది. ఆ దారిలో ఏనుగు కాలి గోరే పట్టలేదు." ఒక వేలు ముడిచింది.

"అప్పుడు కాకినడిగింది. కాకి దారి గాల్లో ఉంది." ఇంకో వేలు.

"అప్పుడు ఏటినడిగింది. నాతో రా, మీ ఇంటెనక నుంచే పోతాను, అంది ఏరు." మూడో వేలు. కుండలో నీళ్ళు గలగలమంటున్నాయి. ఏనుగుపిల్ల ఏట్లో దిగింది. నాలుగో వేలు.

సరిగ్గా అప్పుడు వీధిలో ఆటో ఆగింది. "పైడీ! ఎక్కడున్నావే, నా తల్లీ?"

అమ్మ గొంతు! పైడి కాళ్ళు వాటంతటవే లేచాయి. లేస్తే కథ ఆగిపోతుంది. కథ ఆగితే కుడుము సంగతి ఎవరికీ తెలీదు. పైడి మళ్ళీ కూర్చుని, రెండు పాదాలూ తొడలకింద పెట్టేసుకుంది.

"అప్పుడు... అప్పుడు ఏనుగుపిల్లకి ఆళ్ళమ్మ గొంతినిపించింది. పరిగెట్టాలనిపించింది. గానీ ఏట్లో రాళ్ళున్నాయి, పరిగెడితే జారిపోతాది. అందుకని మెల్లగా ఒక కాలేసింది. తర్వాత ఇంకో కాలు. తర్వాత ఇంకోటి. ఏనుక్కి శానా కాళ్ళుంటాయి."

అమ్మ పసివాణ్ణెత్తుకుని వంటింటి గుమ్మంలోకొచ్చింది. నూకాలమ్మ నోటిమీద వేలేసుకుంది. అమ్మ చప్పుడు చెయ్యకుండా గోడకి చేరబడి వింది. పైడి అటు చూడలేదు. చూస్తే ఇంకేముంది!

చివరి వేలు ముడిచింది. "అయ్యింది, అమ్మమ్మా."

మూత లేచింది. కుడుము మల్లెపూవులా పొంగింది. సన్నేశమ్మత్త వచ్చి, అన్నట్టే తన చేత్తో విరిచింది. నొక్కింది, వాసన చూసింది. ఒక ముక్క నోట్లో వేసుకుంది. ఉడికిందో లేదో రూఢి కావాలిగా! ఇంకో ముక్క వేసుకుంది. గిరుక్కున తిరిగి వాళ్ళింటికెళ్ళి నువ్వులనూనె, బెల్లం పట్టుకొచ్చింది. "ఉత్తి కుడుము పెడతారేటి బాలింతకి?" అంది.

అప్పుడు పైడి పరిగెత్తింది. ఒక తొడమీద తమ్ముడు, ఒక తొడమీద పైడి. అమ్మ నమిలి మింగి, "ఇంకొంచెం పెట్టు" అంది.

కాసేపాగి సన్నేశమ్మత్త గొంతు సవరించుకుంది. "ఒసే పైడీ, ఆ ఏనుగుపిల్ల ఏట్లోనే ఉండిపోనాది. ఇంటికొచ్చినాదా, నేదా?"

పైడి నోరు నిండా కుడుము. "పప్పు నానబొయ్యత్తా. రేపు సెప్తాను."

పొద్దు గూకకముందే సన్నేశమ్మ పప్పు నానబోసింది. ఏం చేస్తుంది మరి!

కథ కంచికి, మేక కంచెకి,
కుడుము కంచానికి, కునుకు కంటికి,
మనమేమో ఇంటికి.